సర్పంచ్‌ని ఊరికి తీసుకెళ్లాను

"డబ్బాలో ఏంటి తమ్ముడూ?" అన్నాడు కండక్టర్.

"చేప అన్నా."

"ఒక్క చేపకి ఇంత డబ్బానా!" అంటూ మూతకి పెట్టిన చిల్లుల్లోంచి తొంగి చూశాడు. సరిగ్గా అప్పుడే మావాడు పైకొచ్చి గుటుక్కున గాలి మింగి, తోకతో ఒక్క దెబ్బ కొట్టాడు. చిల్లుల్లోంచి చిమ్మిన నీళ్లు నేరుగా అన్న మొహాన పడ్డాయి. "ఓర్నీ, కొర్రమీను!" అన్నాడు మొహం తుడుచుకుంటూ. కోపం రాలేదు. నోరూరినట్టుంది. "రేపు మృగశిర. హైదరాబాద్‌లో జనం కొర్రమీను కోసం ఎగబడుతుంటే నువ్వు ఇక్కణ్నుంచి ఊరికి మోసుకుపోతున్నావా?"

అవును. 2025 జూన్ 7, శనివారం. తెల్లారితే మృగశిర కార్తె. ఆ రోజు చేప తినాలని ఇక్కడ పట్టింపు. నాంపల్లి గ్రౌండ్స్‌లో ఆస్తమా తగ్గుతుందన్న నమ్మకంతో వేలమంది వరసకట్టి, మందు పెట్టిన బుల్లి కొర్రమీను పిల్లని బతికుండగానే మింగుతారు. తెలంగాణకి రాష్ట్ర చేప కూడా ఇదే. అంత గిరాకీ ఉన్న రోజున, దుప్పట్లు దాచుకునే రెండడుగుల ప్లాస్టిక్ డబ్బాలో అడుగున్నర కొర్రమీనుని పెట్టుకుని నేను వత్సవాయి బయల్దేరాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గేటు దగ్గరే బేరం ఆడాడు. "కిలో దాకా తూగుద్ది సార్, ఎందుకు ఎండలో తిప్పుతారు, నాకిచ్చెయ్యండి."

దానికి పేరు కూడా ఉంది. సర్పంచ్. ఎందుకా పేరో తర్వాత చెప్తా.

మా వత్సవాయి గురించి ఫోన్‌లో వెతికితే పెద్దగా ఏం దొరకదు. హైదరాబాద్ నుంచి సూర్యాపేట, కోదాడ దాటి, గరికపాడు దగ్గర ఆంధ్రాలోకి వచ్చి, జగ్గయ్యపేటలో దిగి ఆటో ఎక్కాలి. మొత్తం మీద 200 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. కృష్ణా జిల్లా అనగానే అందరికీ కాలవలు, వరిచేలు, కొబ్బరిచెట్లు గుర్తొస్తాయి. మాది ఆ కృష్ణా కాదు, మెట్ట. పత్తి, మిర్చి, మామిడి. ఎండాకాలం 45 డిగ్రీలు. 2022 ఏప్రిల్ నుంచి మేం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం కాబట్టి ఇప్పుడు పేరుకి కూడా కృష్ణా కాదు. మాకంటూ ఉన్న నీళ్లు మున్నేరువే. వరంగల్ వైపు నుంచి వచ్చి, ఖమ్మం ఊరిని ఒరుసుకుంటూ, మా మండలంలో పోలంపల్లి ఆనకట్ట మీదుగా, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి గుడి పక్కగా పోయి, కీసర దాటాక కృష్ణలో కలుస్తుంది. ఎండాకాలం చూస్తే ఇసుక. వానాకాలం ఒక్కరాత్రిలో సముద్రం.

2023 జులై నెలాఖర్లో ఆ సముద్రమే వచ్చింది. మున్నేరు పొంగి నందిగామ అవతల ఐతవరం దగ్గర హైవే ఎక్కేసింది. హైదరాబాద్–విజయవాడ బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. టీవీలో అదే వార్త. మా అమ్మమ్మ ఫోన్‌లో "ఇంట్లోకి రాలేదు గానీ, చేలన్నీ ఏరైపోయాయి నాయనా" అంది. ఆగస్టు మొదటి వారంలో చూడ్డానికి వెళ్లా.

అప్పటికి నీళ్లు తీశాయి. మావయ్య పత్తిచేను అంచున ఒక పాత గుంత, ఇటుకల కోసం ఎప్పుడో మట్టి తీసింది. దాన్నిండా బురదనీళ్లు. పిల్లలు నలుగురు చీరముక్క పట్టుకుని చేపలు వడగడుతున్నారు. వాళ్ల బిందెలో పరిగెలు, జెల్లలు, ఒక బొమ్మిడాయి. వాటి మధ్య వేలెడంత లేని అయిదు నల్లపిల్లలు. పక్కనే ఉన్న పరిగెపిల్లని చూసే చూపు వేరేగా ఉంది. "ఇయ్యి కొర్రపిల్లలన్నా, కూరకి రావు" అని నాకిచ్చేశారు. రెండు రోజులాగితే ఆ గుంత ఎండిపోయేది. కాబట్టి నేను వాటిని కాపాడానని నా ఫీలింగ్. వాటర్‌బాటిల్ పైభాగం కోసి, అందులో వేసుకుని హైదరాబాద్ తెచ్చుకున్నా.

ఇక్కణ్నుంచి నా తెలివితక్కువతనం మొదలు.

అక్వేరియం షాపులో రెండడుగుల ట్యాంకు కొన్నా. 56 లీటర్లు పడుతుంది. "ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుద్ది బ్రో, టెన్షన్ లేదు" అని భరోసా ఇచ్చాడు షాపతను. ఇంతకంటే పెద్ద అబద్ధం ఈ హాబీలో లేదు. చిన్న ట్యాంకులో చేప పెరుగుదల మందగిస్తే అది సర్దుకుపోవడం కాదు, జబ్బుపడటం. మురికి నీళ్లు, చాలని చోటు, వంకర్లు పోయిన ఒళ్లు. కొర్రమీను బాగుంటే అడుగున్నర, రెండడుగులు మామూలుగా పెరుగుతుంది, మూడడుగుల దాకా కూడా పోతుంది. దాని అన్నలాంటి పూమీను నాలుగడుగులు దాటగలదు. ఏదో ఒకటి పెంచాలని సరదాగా ఉంటే ఇదే కుటుంబంలో మట్టగిడసలున్నాయి, జానెడు, జానెడున్నర. మూడడుగుల ట్యాంకులో హాయిగా బతుకుతాయి. ఆ సంగతి నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

వారం తిరిగేసరికి అయిదు పిల్లలు మూడయ్యాయి. ఎక్కడికి పోయాయా అని ఫిల్టర్ విప్పి చూశా. లేవు. నెల తిరిగేసరికి ఒక్కటే మిగిలింది, పొట్ట ఉబ్బి. కొర్రమీనుకి అన్నదమ్ములన్న లెక్కలేదు, నోట్లో పట్టేది ఏదైనా తిండే. దానికి తోడుగా రంగురంగుల చేపలు నాలుగు వేశా. అవి మొదటి రోజు మూలకి వెళ్లి నిలబడ్డాయి. మావాడు మధ్యలో కదలకుండా ఉన్నాడు, పంచాయితీలో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు. నా రూమ్మేట్ "సర్పంచ్ వచ్చాడ్రా" అన్నాడు. మర్నాటికి మూలన ఎవరూ లేరు. అదిగో, అలా పేరొచ్చింది.

వేటాడే చేపని ఇంట్లో పెట్టుకుంటే గప్‌చుప్‌గా ఉంటుంది అనుకుంటారు. రాత్రి పన్నెండుకి హాల్లో "గ్లుప్" అని శబ్దం వస్తే మొదట్లో నేనే ఉలిక్కిపడేవాణ్ని. కొర్రమీనుకి మొప్పలు ఒక్కటే చాలవు. తలలో, మొప్పల పైన గాలి పట్టుకునే గది లాంటిది ఉంటుంది. పైకొచ్చి గాలి మింగాల్సిందే. నీటి పైకి రానివ్వకుండా వలలో నొక్కి పెడితే చేప కూడా మునిగి చస్తుంది, వింటే నవ్వొస్తుంది గానీ నిజం. అందుకే ట్యాంకుని అంచుదాకా నింపకూడదు, మూతకీ నీళ్లకీ మధ్య నాలుగువేళ్ల జాగా ఉండాలి. అందుకే మార్కెట్లో మిగతా చేపలు ఐసు మీద ఉంటే కొర్రమీను మాత్రం బేసిన్లో బతికుండి జనాల్ని చూస్తుంటుంది. ఎండాకాలం చెరువెండితే బురదలోకి దూరి వానకోసం కాసుకుని ఉండగలిగేదీ ఆ గాలి గదివల్లే.

ఆ మూత సంగతి ఒకటి చెప్పాలి. ఆర్నెల్లకి అడుగు దగ్గరపడ్డాక నాలుగడుగుల ట్యాంకుకి మార్చా. 4 × 1.5 × 1.5 అడుగులు, 255 లీటర్లు. నీళ్ల బరువే పావుటన్ను కాబట్టి ఇంటి ఓనర్‌కి చెప్పలేదు. (ఆంటీ, మీరు చదువుతుంటే సారీ.) ఓ రోజు ఆఫీసు నుంచి వస్తే మూత ఓరగా ఉంది, ట్యాంకు ఖాళీ. హాలంతా వెతికితే వాషింగ్ మెషీన్ వెనకాల, వెంట్రుకలు దుమ్ము చుట్టుకుని, ఎండుకర్రలా పడున్నాడు. పోయాడనుకుని పేపర్‌తో పట్టుకోబోయా. కళ్లు కదిలాయి. ఎంతసేపైందో తెలీదు. ఒంటికి చెమ్మ ఉన్నంతసేపు గాలితోనే బతికేస్తుంది కదా. కడిగి నీళ్లలో వేస్తే అయిదు నిమిషాల్లో రొయ్యలు అడిగాడు. ఆ రోజు నుంచి మూత మీద రెండు ఇటుకలు.

నీళ్లు మార్చడం ఒక వ్రతం. వారానికి మూడో వంతు తీసి, కొత్తవి పొయ్యాలి. మాంసం తినే చేప కాబట్టి దాని పెంట నుంచి అమ్మోనియా ఎక్కువ వస్తుంది, గాలి పీల్చేదే అయినా అమ్మోనియా మాత్రం దాన్నీ వదలదు. కుళాయి నీళ్లు రాత్రంతా బకెట్లలో పట్టి ఉంచి, క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేసి పోసేవాణ్ని. ఓ రాత్రి బకెట్ల మధ్య కూర్చుని ఫోన్ చూస్తుంటే తట్టింది. హైదరాబాద్‌కి సాగర్ నుంచి వచ్చేవి కృష్ణా నీళ్లే కదా. మున్నేరు కలిసేదీ కృష్ణలోనే. అంటే వీడు పుట్టిన చోటికి పోవాల్సిన నీళ్లని అంత దూరం పైపుల్లో ఎక్కించి, క్లోరిన్ కొట్టి, మళ్లీ క్లోరిన్ తీసేసి, వీడి నెత్తిన పోస్తున్నా. కరెంటు బిల్లు ఎవడికి పంపాలో అర్థం కాలేదు.

తిండి విషయంలో చేసిన తప్పే చివరికి నా మెడకి చుట్టుకుంది. బతికిన చేపని వేటాడుతుంటే చూడ్డానికి బాగుంటుంది, రీల్స్‌కీ బాగుంటుంది. అందుకని షాపు నుంచి వంద గుప్పీలు తెచ్చి వేశా. వాటితో పాటు ఏం తెచ్చానో తెలీదు, పది రోజుల్లో సర్పంచ్ పక్కటెముకల దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి పుండు లేచింది. తిండి మానేశాడు. కల్లుప్పు వేసి, రోజు మార్చి రోజు నీళ్లు మార్చి, నెలన్నర కూర్చుంటే మానింది. తెల్లటి మచ్చ మిగిలింది. అప్పట్నుంచి ఫ్రీజర్‌లో పెట్టిన చిన్న రొయ్యలు, అప్పుడప్పుడు కుండీలోంచి తీసిన వానపాములు, ఆకలేసినప్పుడు మాత్రమే పెల్లెట్లు. పెల్లెట్ తినడం నేర్పాలంటే ఓపిక కావాలి. రొయ్య పట్టుకున్న వేళ్లతోనే పెల్లెట్ కలిపి పట్టుకోవాలి. వేళ్లు పదీ ఉన్నాయి, ఇంకా.

2024 సెప్టెంబర్ 1న మళ్లీ మున్నేరు వచ్చింది, ఈసారి అంతకు ముందుకంటే ఘోరంగా. ఖమ్మంలో ఇళ్లు మునిగాయి. గరికపాడు దగ్గర పాలేరు వరదకి హైవే తెగి రాకపోకలు ఆగిపోయాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. అంత ప్రవాహం ఆ బ్యారేజీ ఎప్పుడూ చూడలేదు. అమ్మమ్మ ఫోన్ కలవట్లేదు. రెండు రోజులు నిద్రలేదు. నేను సోఫాలో, ఎదురుగా ట్యాంకులో సర్పంచ్. బయట ఎడతెరిపి లేని వాన. మామూలుగా అడుగున పడుండేవాడు ఆ రెండు రాత్రులూ అద్దానికి ముక్కు రాసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి. వానలకి గాలి ఒత్తిడి తగ్గితే చేపలకి తెలుస్తుందంటారు. వరద అంటే వీటికి కొత్త చెరువులకి, కొత్త గుంతలకి దారి తెరుచుకోవడం. మా వాళ్లకి భయం, వాడికి పిలుపు. మూడో రోజు మావయ్య వేరే వాళ్ల ఫోన్‌ నుంచి "అందరం బానే ఉన్నాం" అన్నాడు. నేను కాసేపు ఏడ్చి, మూత మీద మూడో ఇటుక పెట్టా.

2025 వేసవికి చేప పొడవు అడుగున్నర. ట్యాంకు వెడల్పూ అడుగున్నరే. వెనక్కి తిరగాలంటే ఒళ్లు విల్లులా వంచి, మూతి అద్దానికి కొట్టుకుంటూ తిరగాల్సి వచ్చేది. మూతి చర్మం ఊడి తెల్లబడింది. ఇంకా పెద్ద ట్యాంకు కొనడానికి డబ్బూ లేదు, ఇంట్లో గోడా లేదు. అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "పులుసు పెట్టెయ్యి, లేదంటే ఏట్లో వదిలెయ్యి."

ఏట్లో వదిలెయ్యడం నాకు అందంగా కనిపించింది. సినిమాలో లాగా. దాని ఇల్లు దానికి. అందుకే ఈ బస్సు, ఈ డబ్బా.

డబ్బాలో మూడో వంతే నీళ్లు పోశా, మిగతాదంతా గాలికి. రెండు రోజుల ముందు నుంచీ తిండి పెట్టలేదు, దార్లో నీళ్లు పాడుకాకుండా. సూర్యాపేటలో హోటల్ దగ్గర బస్సాగితే తడిగుడ్డ మార్చి మూత మీద వేశా. చుట్టూ పదిమంది. ఒకాయన "పట్నంలో పెంచిన చేప కదా, రుచి ఉండదు" అని తీర్పు చెప్పి వెళ్లిపోయాడు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. అమ్మమ్మ డబ్బాలోకి చూసి "అమ్మో, ఎంత పెంచావురా!" అని మురిసిపోయింది. మావయ్య చూపు వేరు. "ఏందిరా అల్లుడూ, అల్లం వెల్లుల్లి నూరమంటావా?" అన్నాడు.

"మావయ్యా, దానికి పేరుంది."

"పేరుంటే ఏంది? పెరట్లో కోడికీ పేరుంది, అట్టాగే తిన్నాం."

సాయంత్రం చల్లబడ్డాక నా పాత గుంత చూద్దామని చేను వైపు నడిచా. గుంత లేదు. ట్రాక్టర్లతో మట్టి తోలి చదును చేశారట, విత్తనానికి సాళ్లు కూడా తోలేశారు. సర్పంచ్ పుట్టిల్లు మీద వచ్చే నెల పత్తి మొలుస్తుంది. కోపం తెచ్చుకోవడానికి నాకేం హక్కుంది? అది మావయ్య చేనే.

మర్నాడు మృగశిర పొద్దున అయిదున్నరకి బండి మీద డబ్బా పెట్టుకుని పోలంపల్లి వెళ్లా. వెనక మావయ్య డబ్బా పట్టుకుని కూర్చున్నాడు, గొణుగుతూనే. ఆ వేళప్పుడు మున్నేరు బాగుంటుంది. ఆనకట్ట కింద పాయలు పాయలుగా నీళ్లు, రాళ్ల మధ్య కొంగలు, ఇసుక తవ్విన చోట లోతు గుంతల్లో నిలిచిన పచ్చటి నీళ్లు. దూరంగా ట్రాక్టర్ చప్పుడు. ఒడ్డున ఒక పెద్దాయన వల దులుపుతున్నాడు.

డబ్బా దించి మూత తీశా. ఆయనే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏం బాబూ, పట్టావా, కొన్నావా?"

"పెంచా బాబాయ్. వదిలేద్దామని తెచ్చా."

ఆయన నవ్వలేదు. చేపని తల నుంచి తోకదాకా చూశాడు. పక్కటెముకల దగ్గర ఆగాడు. "ఈ మచ్చ ఏంది?"

చెప్పా. గుప్పీలు, పుండు, ఉప్పు, అన్నీ.

"వదలమాక" అన్నాడు.

తర్వాత చెప్పిన సంగతి ఇది. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకేడు చలికాలంలో చెరువుల్లో కొర్రమీనులన్నిటికీ ఎర్రటి పుండ్లు లేచి, మాంసం ఊడి, గుట్టలు గుట్టలుగా తేలాయట. ఊళ్లో ఎవరూ చేపల జోలికి పోలేదట నెలల తరబడి. ఆ జబ్బు ఏంటో నేను ఫోన్‌లో అక్కడే చూశా. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలై దేశమంతా పాకింది. ఒక రకం బూజు వల్ల వస్తుంది, అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నది కొర్రమీను జాతే. సర్పంచ్‌కి వచ్చింది అదేనో కాదో చెప్పడానికి నేను డాక్టర్‌ని కాదు. మానిపోయింది కూడా. కానీ షాపు ట్యాంకుల్లో ఏయే దేశాల చేపలు ఒకే నీళ్లలో తిరుగుతాయో నాకు తెలుసు. ఆ నీళ్లు రెండేళ్లు తాగిన చేపని తీసుకొచ్చి, పెనుగంచిప్రోలు దాకా జనం వలలేసుకునే ఏట్లో వెయ్యబోయా.

అప్పుడే ఇంకో సంగతి గుర్తొచ్చింది. 2002లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో మన కొర్రమీను చుట్టం, చైనా వైపు జాతి, బయటపడింది. ఒకాయన జబ్బు చేసిన చెల్లెలికి సూప్ పెట్టిద్దామని బతికున్న జంటని తెప్పించాడట. ఈలోగా ఆమెకి నయమైంది. చంపబుద్ధి కాక ఇంట్లో అక్వేరియంలో పెంచాడు. పెద్దవైపోయాయి. తీసుకెళ్లి చెరువులో వదిలాడు. అక్కడ పిల్లలు పుట్టాయి. చివరికి ప్రభుత్వం చెరువు మొత్తానికి మందు కొట్టి చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది, ఆ ఏడే కొర్రమీను జాతులన్నిటి దిగుమతినీ నిషేధించారు. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య ఇప్పటికీ బతికిన కొర్రమీను కోసం కలలు కంటూ ఫ్రోజెన్ తింటాడంటే కారణం ఇదే. ఆయనేం దుర్మార్గుడు కాదు. నాలాంటోడే. చంపబుద్ధి కాలేదు, చోటు చాలలేదు, నీళ్లు కనిపించాయి.

తేడా ఏంటంటే సర్పంచ్ ఈ ఏటివాడే. అయినా రెండేళ్ల క్రితం ఇక్కణ్నుంచి వెళ్లిన చేప, ఇప్పుడు నా డబ్బాలో ఉన్న చేప ఒకటి కాదు.

పెద్దాయన బీడీ ముట్టించి వేరే కబుర్లలోకి వెళ్లాడు. కొర్రమీను పిల్లలు గుంపుగా ఎర్రగా, నీళ్లమీద కుంకుమ చల్లినట్టు తిరుగుతాయట. కింద తల్లీతండ్రీ కాపలా. ఆ గుంపు మధ్యలోకి గాలానికి కప్పని గుచ్చి వేస్తే టక్కున పట్టేస్తాయి. "ఆకలికి కాదు బాబూ. పిల్లల మీదకి వచ్చిందని తరమడానికి కరుస్తాయి. అట్టా పట్టినోళ్లలో నేనూ ఉన్నా. పెద్దయి పోతే ఆ పిల్లలన్నీ జెల్లలకి, కొంగలకి." 2023లో గుంతలో దొరికిన ఆ అయిదు పిల్లల దగ్గర పెద్ద చేప ఏదీ లేదని అప్పుడు గుర్తొచ్చింది. వరదకి విడిపోయాయో, ఎవరి గాలానికి పోయాయో.

మూత పెట్టేశా. మావయ్య ఆశగా చూశాడు. "మరైతే పులుసేనా?"

"కాదు మావయ్యా."

ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. బండి దిగాక డబ్బాని పెరట్లో వేపచెట్టు నీడన పెట్టి కూర్చున్నా. తిరిగి హైదరాబాద్ తీసుకెళ్లి ఆ అద్దాల మధ్యే మడతపెట్టాలా? వాచ్‌మన్‌కి ఇచ్చెయ్యాలా? అమ్మమ్మ కాఫీ తెచ్చిచ్చి, చెట్టు కింద మంచం మీద కూర్చుంది. "మీ తాత ఉన్నప్పుడు మన బావిలో చేప ఉండేదిరా" అంది. "నీళ్లలో పురుగు పడకుండా. నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఉంది. చేద వేస్తే పక్కకి తప్పుకునేది. దాన్ని ఎవరూ కూరొండుకోలేదు."

బావి ఎప్పుడో పూడ్చేశారు, ఇప్పుడు బోరు. కానీ అమ్మమ్మ చెప్తుంటే నా చూపు పెరటి గోడ వారన ఉన్న సిమెంటు గాబు మీద పడింది. బర్రెలున్న రోజుల్లో నీళ్లు తాగడానికి కట్టింది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. బర్రెల్ని అమ్మేసి ఆరేళ్లు. ఇప్పుడు దాన్నిండా పాత పైపులు, కొబ్బరిబోండాలు, ఒక సైకిల్ చక్రం. కొత్త సిమెంటు అయితే సున్నం నీళ్లలోకి దిగి చేపల్ని చంపేస్తుంది. ఇది ముప్పై ఏళ్లనాటిది, ఆ బాధ లేదు.

ఆ ఆదివారమంతా అదే పని. గీకి కడిగాం. రెండు అడుగుల మేర బోరు నీళ్లు నింపితే దాదాపు 1,800 లీటర్లు. నా గాజు ట్యాంకుకి ఏడు రెట్లు. ఒక చివర మట్టి పోసి కలువ దుంపలు పాతాం, ఇంకో చివర దాక్కోవడానికి పగిలిన సిమెంటు తూము. మిర్చి నారుమడికి కట్టే పచ్చ షేడ్‌నెట్ సగం మీద నీడకి. మొత్తం మీద వల, చుట్టూ బైండింగ్ వైరు. వైరు బిగించింది మావయ్యే. "వానరాత్రి వీడు నేలమీద పాకుతాడు, నాకు తెల్సు" అన్నాడు. ఏట్లోకి పోయే కాలవ మా పెరట్లో లేదు, అదొక్కటీ రెండుసార్లు చూసుకున్నా. వరదొస్తే కూడా 2023లో, 2024లో నీళ్లు రాని చోటు ఇది.

సాయంత్రం వదిలా. డబ్బాని నీళ్లలో వంచితే వెంటనే పోలేదు. అరగంట డబ్బాలోనే ఉన్నాడు, సగం బయట, సగం లోపల. తర్వాత మెల్లగా జారాడు. నాలుగడుగులు ముందుకెళ్లాడు. అక్కడ అద్దం ఉంటుందనుకున్నాడో ఏమో, ఒళ్లు వంచి వెనక్కి తిరగబోయి ఆగాడు. ముందుకే వెళ్లాడు. తూము దగ్గర కనపడకుండా పోయాడు.

అద్దం లేదు కాబట్టి నాకిప్పుడు పైనుంచి వీపు మాత్రమే కనపడుతుంది, అదీ గాలికి వచ్చినప్పుడు. పక్క నుంచి చూసే ఆ చారలు, ఆ కళ్లు, వేళ్లని చూసి తల ఓరగా తిప్పడం, అవన్నీ పోయాయి. అబద్ధమెందుకు, బస్సులో తిరిగొస్తుంటే ఖాళీ డబ్బా బరువుగానే అనిపించింది.

తిండి డ్యూటీ మావయ్యది. రెండు రోజులకోసారి రొయ్యలో, చేపముక్కో. మొదటి వారం "పనికిమాలిన ఖర్చు" అని ఫోన్‌లో తిట్టాడు. రెండో వారం నీళ్లు ఎంత తరచుగా మార్చాలో అడిగాడు. జులైలో వానలు పడ్డాక ఓ రాత్రి తనే వీడియో కాల్ చేశాడు. ఫోన్ టార్చి వెలుగులో గాబు, వల మీద చినుకులు.

"ఏందిరా, మూడు రోజులైంది, మీవోడు ఏం పెట్టినా ముట్టుకోవట్లా. జబ్బేమన్నానా?"

నా గుండె ఆగింది. మచ్చ దగ్గర ఎర్రగా ఉందా, ఒంటి మీద బూజేమైనా కనపడుతోందా అని అడుగుతున్నా. ఆయన వంగి చూస్తున్నాడు. వెనకనుంచి అమ్మమ్మ గొంతు వినపడింది.

"జబ్బూ లేదు ఏమీ లేదు. వానలు పడ్డ కాణ్నుంచీ గాబు దగ్గర కప్పలు ఒకటే గోల చేస్తుండేవి. మూడు రోజుల నుంచి ఒక్కటీ అరవట్లా."